లెక్క తప్పిన జపం

జ్వరం తగ్గి పదిహేను రోజులైంది. ఒక పొద్దున మంచం దిగబోతే అరికాళ్లు తిమ్మిరెక్కి ఉన్నాయి. సాయంత్రానికి మోకాళ్లు నిలవలేదు. మర్నాడు చెంచా చేతిలోంచి జారిపోయింది. డాక్టరు చిన్న సుత్తితో మోకాలి చిప్ప కింద కొట్టారు, కాలు ఎగరలేదు. గులియన్ బారే సిండ్రోమ్ అన్నారు. క్రిములతో పోరాడాల్సిన రక్షణ వ్యవస్థ దారి తప్పి సొంత నరాల మీదే పడుతుందట. 1916లో ఇద్దరు సైనికుల్లో దీన్ని గమనించి రాశారని తర్వాత చదివాను.

ఐసీయూలో పూటపూటకీ ఒకటే పరీక్ష. గుండెల నిండా గాలి పీల్చి, ఆ ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలనో చూడాలి. ఊపిరి కండరాలు నీరసిస్తే అంకె తగ్గుతుంది. మొదటిరోజు 31. మర్నాడు 24. ఆ రాత్రికి 18.

చిన్నప్పటి నుంచీ రామనామం వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టుకోవడం నాకలవాటు. ఇప్పుడు బొటనవేలు చూపుడువేలిని కూడా అందుకోవడం లేదు. నిజం చెప్పాలంటే, కాళ్లు పడిపోయినప్పటికంటే దానికే ఎక్కువ ఏడ్చాను. అంతకుముందు బేరాలూ ఆడాను, నడిపిస్తే అది చేస్తా, ఇది చేస్తా అని. 18 దగ్గర బేరం ఆగిపోయింది. ఇవ్వడానికి నా దగ్గరేం మిగిలింది గనక! లెక్క వదిలేశాను. లోపలికెళ్లే ఊపిరికి ‘రా’, బయటికొచ్చే ఊపిరికి ‘మ’. మానిటర్ మీద అంకెలు మారేవి, డ్యూటీలు మారి నర్సులు మారేవారు, చేతుల్లో బలం పూటకో రకంగా ఉండేది. భయం పోలేదు. కాకపోతే దాని పక్కనే నామం కూడా కూర్చునేది.

“దేవుడు పరీక్ష పెడుతున్నాడు” అన్న చుట్టాల మీద నాకింకా కోపమే. జబ్బును ఎదుర్కొన్నది ఐదు రోజులు రక్తనాళంలోకి ఎక్కించిన ఇమ్యూనోగ్లోబులిన్, అంటే దాతల రక్తంలోంచి తీసే యాంటీబాడీల మందు. నామం పని వేరు. తెల్లవారుజామున మూడింటికి, పక్క మంచం అలారం మోగుతుంటే, నేను ఆనుకున్నది దాన్నే.

అంకె 16 దాకా దిగి, అక్కడ నాలుగు రోజులుండి, మళ్లీ పెరిగింది.

“బొటనవేలు చిటికెన వేలికి తాకించండమ్మా” అనేవారు ఫిజియోథెరపిస్టు, రోజూ. రెండు నెలలు పట్టింది. తాకిన రాత్రి కణుపుల మీద మళ్లీ జపం మొదలుపెట్టాను. నలభై దాటాక ఎక్కడున్నానో మర్చిపోయాను. వెతుక్కోలేదు, అలాగే సాగిపోయాను.

ఏడాదైంది. నడుస్తున్నాను. సాయంత్రమైతే పాదాల్లో చీమలు పాకినట్టుంటుంది. సుత్తి దెబ్బకు ఎడమ మోకాలు మాత్రం ఇంకా పలకడం లేదు.