పీహెచ్‌డీ అర్హత పరీక్ష: ‘తరిమింది’ అన్న ఒక్క మాట దగ్గర ఆగాను

ఎదుటివారి చేష్టలకు మనుషులు అర్థం ఎలా చెప్పుకుంటారన్నది నా పరిశోధనాంశం. అర్హత పరీక్ష మొదటిసారి తప్పాను, రెండోసారి గట్టెక్కాను. మధ్యలో మారింది చదివే గంటలు కాదు, చదివే తీరు.

మొదటిసారి హైడర్ 1958, జోన్స్, డేవిస్ 1965, కెల్లీ 1967 అంటూ ఈ రంగంలోని పరిశోధకుల పేర్లు, సంవత్సరాలు వల్లెవేశాను. మన తప్పుకు పరిస్థితిని, ఇతరుల తప్పుకు స్వభావాన్ని కారణంగా చూపుతామని మౌఖిక పరీక్షలో తడుముకోకుండా చెప్పాను. “దీనికి ఆధారం ఎంత గట్టిది?” అని అడిగారు. నోట మాట రాలేదు. మాలె అనే పరిశోధకుడు 2006లో 173 అధ్యయనాలను కలిపి చూస్తే ఆ తేడా సగటున దాదాపు సున్నా. చెడు ఫలితాల విషయంలో కనిపించింది, మంచివాటిలో తలకిందులైంది. ఇది చదవకుండా దయచేసి పరీక్షకు వెళ్లకండి.

రెండోసారి హైడర్, సిమ్మెల్ 1944లో వాడిన చిన్న చిత్రంతో మొదలుపెట్టాను. రెండు త్రిభుజాలు, ఒక వృత్తం, తలుపున్న పెట్టె, అంతే. చూసి నోటుపుస్తకంలో “పెద్ద త్రిభుజం చిన్నదాన్ని తరిమింది” అని రాసి, ఆగిపోయాను. తెర మీద ఉన్నది ఒకే దిక్కుగా కదిలిన రెండు ఆకారాలు. తరమడం నేను చేర్చింది! ఆనాడు చూసిన 34 మందిలోనూ కేవలం ఆకారాల కదలికగా వర్ణించింది ఒక్కరే.

ఆ రోజు నుంచి పేజీని నిలువునా గీత గీసి చదివాను. ఎడమన జరిగింది, కుడిన పరిశోధకులు దాని నుంచి తేల్చింది. కెల్లీ చెప్పిన ఏకాభిప్రాయం (అందరూ అలాగే చేస్తారా), విశిష్టత (ఈ ఒక్క విషయంలోనే చేస్తారా), నిలకడ (ప్రతిసారీ చేస్తారా) ఒక పూటలో అయిపోతాయి. పసిపిల్లల ప్రయోగాలకు మాత్రం వారాలు ఇవ్వండి, అసలు వాదమంతా అక్కడే ఉంది.

నాకు వచ్చిన ప్రశ్న కూడా పసిపిల్లలతో వుడ్‌వర్డ్ 1998లో ప్రచురించిన ప్రయోగం మీదే: “చేయి చాచడం వెనక ఉద్దేశం పసివాళ్లకు తెలిసిందని ఎలా అంటారు?” ఎడమ వైపు నుంచే మొదలుపెట్టాను. రెండు బొమ్మల్లో ఒకదాన్ని చేయి పదేపదే అందుకుంటుంది, తర్వాత బొమ్మల చోట్లు మార్చారు. చేయి పాత దారిలోనే వెళ్లి వేరే బొమ్మను పట్టుకుంటే పిల్లలు ఎక్కువసేపు చూశారు. చేతికి బదులు కర్ర పెడితే ఆ తేడా రాలేదు. “ఇది చూపు నిలిచిన వ్యవధి, ఇంతవరకే కొలిచారు” అని ఒక్క క్షణం ఆగి, అప్పుడు కుడి వైపుకు వెళ్లాను.