సీఎస్‌ఐఆర్ నెట్ పార్ట్ సీ: కణ ఒత్తిడి, ఔషధ జీవక్రియ జన్యువులను నేను చదివిన తీరు

సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ పరీక్షకు సిద్ధమవుతున్న మిత్రులకు నమస్కారం. పార్ట్ సీలో ఒక్కో ప్రశ్నకు 4 మార్కులు, తప్పు సమాధానానికి 1 మార్కు కోత. పేర్లు మాత్రమే కంఠస్థం చేసిన అంశం అక్కడ అక్కరకు రాదు. కణం ఒత్తిడికి లోనైనప్పుడు మందులను మార్చి బయటకు పంపే జన్యువుల పనితీరు ఎలా మారుతుందన్నది అలాంటి అంశమే కాబట్టి, దాన్ని పారాసెటమాల్ అనే ఒక్క మందును పట్టుకుని చదివాను.

కాలేయంలో పారాసెటమాల్ చాలావరకు నీటిలో కరిగే గ్లూకురోనైడ్‌గానో సల్ఫేట్‌గానో మారి వెళ్లిపోతుంది. కొద్ది భాగాన్ని మాత్రం సీవైపీ2ఈ1 వంటి ఎంజైములు నాప్‌క్వి అనే విషపదార్థంగా మారుస్తాయి. మోతాదు మించి, ఈ విషాన్ని విరిచే గ్లూటాథయోన్ తరిగిపోతే, నాప్‌క్వి ప్రోటీన్లలోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలకు అతుక్కుంటుంది. ఆ ప్రోటీన్లలో కీప్1 కూడా ఉంది. మామూలుగా కీప్1, కల్3 అనే మరో ప్రోటీన్‌తో కలిసి, జన్యువులను చురుకుచేసే ఎన్‌ఆర్‌ఎఫ్2 ప్రోటీన్‌కు యుబిక్విటిన్ అనే గుర్తు తగిలించి, ప్రోటీన్లను ముక్కలుచేసే ప్రోటియసోమ్‌కు పంపుతుంటుంది. కీప్1 సిస్టీన్లు మార్పు చెందితే ఆ పని కుంటుపడి, ఎన్‌ఆర్‌ఎఫ్2 పోగుపడి కేంద్రకంలోకి వెళ్లి, చిన్న మాఫ్ ప్రోటీన్‌తో జతకట్టి, ఎన్‌క్యూఓ1, జీసీఎల్‌సీ వంటి, కణాన్ని కాపాడే జన్యువుల వ్యక్తీకరణను పెంచుతుంది.

దీన్ని చదివాక పుస్తకం మూసి, ఒక్కో భాగాన్ని తీసేస్తే ఏమవుతుందో కాగితం మీద రాసుకునేవాణ్ణి. కీప్1 లేకపోతే ఒత్తిడి లేకుండానే ఈ జన్యువులు చురుగ్గా ఉంటాయి. ఎన్‌ఆర్‌ఎఫ్2 లేని ఎలుకల్లో అదే మోతాదు పారాసెటమాల్ కాలేయాన్ని మరింతగా దెబ్బతీస్తుంది. ఎంజీ132 అనే నిరోధకంతో ప్రోటియసోమ్‌ను ఆపితే ఎన్‌ఆర్‌ఎఫ్2 ప్రోటీన్ పెరుగుతుంది. ఇందుకు దాని ఎంఆర్‌ఎన్‌ఏ పెరగనక్కర్లేదు. ప్రోటీన్‌ను చూపే వెస్టర్న్ బ్లాట్‌నూ ఎంఆర్‌ఎన్‌ఏను కొలిచే ఆర్‌టీ-పీసీఆర్ ఫలితాన్నీ పక్కపక్కన ఇచ్చే ప్రశ్నలకు ఈ చివరి సాధనే నాకు బాగా ఉపయోగపడింది.

ఒత్తిడి అంటే అన్ని జన్యువులూ పెరుగుతాయని మాత్రం గుర్తుపెట్టుకోకండి. వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉన్నప్పుడు ఐఎల్-6 అనే సంకేత ప్రోటీన్ కాలేయ కణాల్లో, మందులను విడగొట్టే సీవైపీ3ఏ4 ఎంజైమును తగ్గిస్తుంది. అందుకే రుమటాయిడ్ ఆర్థరైటిస్ రోగులకు ఐఎల్-6 గ్రాహకాన్ని అడ్డుకునే టోసిలిజుమాబ్ ఇచ్చాక, సీవైపీ3ఏ4 కోలుకుని, అది విడగొట్టే కొలెస్ట్రాల్ మందు సింవాస్టాటిన్ స్థాయి రక్తంలో పడిపోతుంది. ఈ ఫలితాన్ని గ్రాఫ్‌గా గీసుకుని, ఐఎల్-6 నుంచి సింవాస్టాటిన్ వరకు ప్రతి మెట్టులో పెరుగుదలో తగ్గుదలో బాణం గుర్తుతో రాసి చూడండి.