బ్యాడ్జ్‌లో సున్నా ఉంటే ఒంట్లో సున్నా ఉన్నట్టు కాదు

ఆరు నెలల కిందట మా సీనియర్ అన్నకి రెండు కళ్లలోనూ శుక్లాలు ఉన్నాయని తేలింది. ఎడమ కంట్లో ఎక్కువ, కుడి కంట్లో తక్కువ. ఆయన వయసు 46. షుగర్ లేదు, కంటికి ఎప్పుడూ దెబ్బ తగల్లేదు, స్టెరాయిడ్లు వాడలేదు. 20 ఏళ్లకు పైగా క్యాథ్ ల్యాబ్‌లో, అంటే ఎక్స్‌రేలో చూస్తూ గుండె రక్తనాళాలకు చికిత్స చేసే గదిలో, టేబుల్ పక్కన నిలబడి పనిచేసిన మనిషి. లెన్స్ వెనకవైపు మసక చూసి కంటి డాక్టరమ్మే అడిగారట, "మీరు రేడియేషన్‌లో పనిచేస్తారా?" అని. డోసు రికార్డు, అంటే ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో రాసిన కాగితాలు, ఉంటే తెమ్మన్నారు. అన్న ఫైలు తీస్తే, మూడు నెలలకొకటి చొప్పున వచ్చిన కాగితాలన్నిట్లో దాదాపు సున్నాలే.

ఆ సున్నాలు ఎలా వచ్చాయో నాకు తెలుసు. నా ఫైల్లో ఉన్నవీ అవే కాబట్టి.

మేం పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జ్ ఓ చిన్న ప్లాస్టిక్ కేసు, లోపల బిళ్లలు ఉంటాయి. రేడియేషన్ తగిలినప్పుడు దాని శక్తి కొంత ఆ బిళ్లల్లో చిక్కుకుని ఉండిపోతుంది. తర్వాత ల్యాబ్‌లో వాటిని వేడిచేస్తే ఆ శక్తి వెలుగుగా బయటికొస్తుంది, ఆ వెలుగు ఎంతో కొలిచి డోసు లెక్కకడతారు. ఆ బ్యాడ్జ్ దేన్నీ ఆపలేదు, ఒంటికి ఎంత తగిలిందో రాసిపెడుతుందంతే. మరి అది రోజంతా సొరుగులో పడుంటే? సొరుగుకి ఎంత తగిలిందో రాసిపెడుతుంది.

ఎందుకు సొరుగులో పెడతారని బయటివాళ్లు అడుగుతారు. మేం మతిమరుపోళ్లం అయి కాదు. రీడింగ్ కాస్త ఎక్కువొస్తే ముందు మనిషినే నిలదీస్తారు, "నీకొక్కడికే ఎందుకు ఎక్కువొచ్చింది?" అని. మెషిన్ పాతదా, కేసులు పెరిగాయా, షీల్డ్ వాడుతున్నారా అనే ప్రశ్నలు తర్వాతెప్పుడో, అదీ అడిగితే. కొన్నాళ్లు ల్యాబ్ నుంచి పక్కన పెడతారు, ఎమర్జెన్సీ డ్యూటీల డబ్బులు పోతాయి, ఇల్లు నడవాలి కదా. అందుకని పెద్ద కేసులున్న రోజు బ్యాడ్జ్ తీసి లోపల పెట్టేయడం నేను చేరేనాటికే అలవాటుగా ఉంది. నాకు నేర్పింది కూడా అన్నే. ఆయన్ని తప్పుపట్టడానికి రాయట్లేదు, ఆయనకు ఇంకొకరు నేర్పారు.

ఇంకో సంగతి చాలా ఆలస్యంగా అర్థమైంది. బ్యాడ్జ్ బుద్ధిగా పెట్టుకున్న రోజుల్లో కూడా మేం పెట్టుకున్నది లెడ్ ఏప్రాన్ (రేడియేషన్‌ని అడ్డుకునే సీసపు కోటు) లోపల. ఏప్రాన్ వెనక ఛాతీకి తగిలేది తక్కువే, కాబట్టి అంకె చిన్నదే వస్తుంది, చూసి హమ్మయ్య అనుకుంటాం. కానీ తలకి ఏప్రాన్ ఎక్కడుంది? మాకు వచ్చే రేడియేషన్‌లో ఎక్కువ భాగం ఎక్స్‌రే ట్యూబ్ నుంచి నేరుగా రాదు, పేషెంటు ఒంటి మీద పడి చెదిరి వస్తుంది, దాన్నే స్కాటర్ అంటాం. టేబుల్ దగ్గర మేం నిలబడే తీరుకి అది ఎడమవైపు నుంచి ఎక్కువ తగులుతుంది. అన్నకి ఎడమ కన్నే ఎందుకు ముందు పోయిందో ఇక విడిగా చెప్పక్కర్లేదు.

కంటి లెన్స్‌కి ఏడాదికి 150 మిల్లీసీవర్ట్ (రేడియేషన్ డోసుకి కొలమానం) దాకా ఫర్వాలేదని ఒకప్పుడు అనుకునేవాళ్లు. అనుకున్నదానికంటే చాలా తక్కువ డోసుకే శుక్లాలు రావచ్చని తేలాక, 2011లో ఐసీఆర్‌పీ అనే అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంస్థ ఆ పరిమితిని ఐదేళ్ల సగటున ఏడాదికి 20కి తగ్గించింది, ఏ ఒక్క ఏడాదిలోనూ 50 దాటకూడదంది. ఒక్కసారిగా 150 నుంచి 20! మా పనిలాంటి వాటికి రెండు బ్యాడ్జ్‌లు ఉండాలని, ఒకటి ఏప్రాన్ లోపల, ఇంకొకటి బయట మెడ దగ్గర పెట్టుకోవాలని కూడా వాళ్లే చెబుతున్నారు. ఆ రెండోది నేనెప్పుడూ చూడలేదు.

ఇక సీలింగ్ షీల్డ్. పైనుంచి వేలాడే ఆ సీసపు గాజు పలకని సరిగ్గా పెట్టుకుంటే తలకి తగిలేది బాగా తగ్గుతుంది. మా ల్యాబ్‌లో అది ఏళ్ల తరబడి మూలకి నెట్టేసి ఉండేది, దాని మీద దుమ్ము, కిందికి లాగితే కీచుమనే చప్పుడు. అడ్డొస్తోందని డాక్టర్లు పక్కకి తోసేవాళ్లు, మేమేమీ అనేవాళ్లం కాదు. ఓ అడుగు వెనక్కి జరగడం కూడా అంతే, స్కాటర్ వచ్చే చోటికి దూరం రెట్టింపైతే డోసు దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది, దీనికి పైసా ఖర్చు లేదు.

మా పనిలో హాని మెల్లగా వస్తుంది, అదే మమ్మల్ని మోసం చేస్తుంది. అన్నిచోట్లా అలా ఉండదు. 1999లో పెరూలోని యనాంగో జలవిద్యుత్ కేంద్రంలో, వెల్డింగులు పరీక్షించడానికి వాడే ఇరిడియం-192 అనే రేడియేషన్ సోర్సు దాన్ని ఉంచే పరికరంలోంచి జారిపడితే, ఒక వెల్డర్ అదేమిటో తెలియక తీసి ప్యాంటు వెనక జేబులో వేసుకున్నాడు. కొన్ని గంటలు అలాగే తిరిగాడు. చివరికి కాలు తీసేయాల్సి వచ్చింది. అది ముట్టుకోకూడని వస్తువని అతనికి చెప్పినవాళ్లు లేరు.

భయపడి ఉద్యోగాలు మానేయమని చెప్పట్లేదు. నేనూ మానలేదు. ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికా అణు పరిశ్రమల్లో పనిచేసిన 3 లక్షల మందికి పైగా కార్మికుల మీద చేసిన అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పేరుకున్న డోసుతో కూడా క్యాన్సర్ మరణాల రిస్కు పెరుగుతోందని అందులో చూపించారు. వాళ్లలో చాలామందికి తగిలిన డోసు తక్కువే, కాబట్టి ఒక్కొక్కరికి పెరిగే రిస్కు కూడా చిన్నదే. నన్ను ఆలోచనలో పడేసిన విషయం వేరే. ఆ లెక్క కట్టగలిగారంటే వాళ్ల డోసులు దశాబ్దాల పాటు రాసిపెట్టి ఉన్నాయి కాబట్టే. మా సొరుగు బ్యాడ్జ్‌లతో అలాంటి లెక్క ఎవరైనా కడితే, మాకసలు రేడియేషనే తగల్లేదనీ, అయినా శుక్లాలు వచ్చాయనీ తేలుతుంది. అప్పుడు రేపు ఎవరు నష్టపరిహారం అడిగినా ఆ కాగితాలే చూపించి కాదంటారు.

అన్న సంగతి తెలిశాక మేం నలుగురం కలిసి మెడ దగ్గర పెట్టుకునే రెండో బ్యాడ్జ్ కావాలని రాసిచ్చాం. మూడుసార్లు తిప్పారు, తర్వాత ఇచ్చారు. రీడింగ్ ఎక్కువొస్తే మనిషిని మార్చే ముందు షీల్డ్, మెషిన్ చూడాలని కూడా రాయించుకున్నాం, అది ఎంతవరకు పాటిస్తారో చూడాలి. ఉద్యోగం మారేవాళ్లకి ఒక్క మాట, పాత చోటి డోసు రికార్డు కాపీ తీసుకోకుండా బయటికి రాకండి, తర్వాత అది దొరకడం చాలా కష్టం.

పోయిన వారం మొదటి రిపోర్టు వచ్చింది. ఏప్రాన్ లోపలి బ్యాడ్జ్‌లో ఎప్పటిలాగే సున్నా. మెడ దగ్గరి దాంట్లో మాత్రం అంకె ఉంది. ఫొటో తీసి అన్నకి పంపాను. వెంటనే ఫోన్ చేసి కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "నా ఫైల్లో ఎప్పుడో రావాల్సిన అంకెరా ఇది" అన్నాడు. ఎడమ కంటికి ఆపరేషన్ అయింది, కుడి కంటికి వచ్చే నెల.