మౌసీ శుఖువా, వెనక సందు పొగ

రాత్రి పది దాటింది. పొద్దున్న ఉతికి డాబా మీద ఆరేసిన రెండు దుప్పట్లు, పిల్లదాని యూనిఫాం మళ్ళీ బకెట్లో నానబెట్టి వచ్చి కూర్చున్నాను. సర్ఫు నీళ్ళలో ముంచినా పొగ కంపు ఇంకా వస్తూనే ఉంది.

ఒడిశాలోని బరంపురంలో మాది పాత వీధి. మా గోడకీ పక్కింటి గోడకీ మధ్య మూడడుగుల సందు, అంతే. ఎడమ పక్క ఇల్లు ఒడియా వాళ్ళది, ఆవిడని మౌసీ అంటాను, అంటే పిన్ని. మౌసీ వాళ్ళ వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను సరిగ్గా మా వంటింటి కిటికీ ఎదురుగా తిరుగుతుంది కాబట్టి వాళ్ళింట్లో ఏం వండుతున్నారో మా అత్తయ్య మంచం మీద నుంచే చెప్పేస్తుంది. ఎండలు మొదలయ్యాయిగా, ఇక మధ్యాహ్నాలన్నీ వాళ్ళకి పఖాళే. మన చద్దన్నమే అది, అందులోకి వేయించిన బడీలు, అంటే మన వడియాలు, కాల్చిన వంకాయ, కాల్చిన శుఖువా. శుఖువా అంటే ఎండు చేప. గోపాల్‌పూర్ సముద్రం వైపు నుంచి గంపల్లో తెచ్చే ఆడవాళ్ళు చాలామంది మన తెలుగువాళ్ళే, నోలియాలు అంటారు ఇక్కడ. కాబట్టి ఈ వాసనని ఒడియా వాళ్ళ వాసన అని మా చుట్టాలు ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. శ్రీకాకుళంలో మా పుట్టింటి వెనక నెత్తళ్ళు ఎండబెట్టలేదా?

అయినా ఒప్పుకుంటాను, మా ఇంట్లో చేప తినరు, పెళ్ళయిన కొత్తలో నాకు చాలా కష్టమయ్యేది. ఒకసారి ఉండబట్టలేక మౌసీతో చెప్దామని వచ్చీరాని ఒడియాలో "మీ వంటింట్లోంచి బాస్నా వస్తోంది మౌసీ" అన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది! సాయంత్రం గిన్నెలో ఖీరీ, అంటే పాయసం, పట్టుకొచ్చింది. తర్వాత మా ఆయన చెప్పారు, ఒడియాలో బాస్నా అంటే సువాసన, కంపుకి వాడుకలో గంధ అంటారని. మనకి గంధం అంటే దేవుడి దగ్గర అరగదీసేది, వాసన వస్తోంది అంటే ముక్కు మూసుకోవడం. అదే మాట పక్కింటికి వెళ్ళేసరికి తలకిందులైపోయింది. ఆ ఖీరీ తిన్నాక మళ్ళీ ఫిర్యాదు చేయడానికి నోరు రాలేదు, ఏళ్ళ తరబడి కిటికీలు మూసుకుంటూ, అగరొత్తులు వెలిగిస్తూ, లోపల్లోపల గొణుక్కుంటూ గడిపాను. అగరొత్తి వల్ల నీచు పోదు. రెండూ కలిసి మూడో కంపు అవుతుంది.

రంగేయిలుండ ఫిషరీస్ కాలేజీలో చదివిన మా ఆడపడుచు కొడుకు ఒకసారి వివరంగా చెప్పాడు. సముద్రపు చేపలో ఉండే ఒక పదార్థం చేప చచ్చాక బాక్టీరియా వల్ల ట్రైమిథైలమీన్‌గా మారుతుందట, ఆ నీచు చాలావరకు దానిదే. అది క్షారం, అందుకే పులుపు తగిలితే అణుగుతుంది. మన అమ్మమ్మలు చేపని చింతపండు పులుసులో ఉడికించడం, కడిగిన చేతులకి నిమ్మచెక్క రాసుకోవడం ఊరికే కాదన్నమాట. పొడి పెనం మీద కాలిస్తే మాత్రం అది ఆవిరై ఇల్లిల్లూ తిరుగుతుంది.

రెండేళ్ళ కిందట అత్తయ్యకి ఆయాసం ఎక్కువైనప్పుడు ఇక మొహమాటం పక్కన పెట్టి మౌసీ దగ్గర కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ అన్న మాట ఒక్కటే, "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు బొహూ?" బొహూ అంటే కోడలు. అప్పట్నుంచీ పెనం పొయ్యి మీద పెట్టే ముందు సందులోకి ఒక కేక, "బొహూ, కిటికీ!" నేను వెళ్ళి మూస్తాను. అరగంట తర్వాత తీస్తాను. ఇవాళ పదకొండున్నరకి కూడా అదే కేక, అదే అరగంట. నాకు ఆ వాసన ఇప్పటికీ నచ్చదు, నచ్చిందని అబద్ధం చెప్పను, కానీ అది ఒకరి అన్నం.

సాయంత్రం వచ్చిన పొగ అన్నం కాదు.

వేపాకులు రాలే కాలం ఇది. వెనక సందులో ఖాళీ జాగా ఉంది, దాని పక్క వాటాలోకి కొత్తగా దిగినవాళ్ళు ఆకులన్నీ ఊడ్చి కుప్పేసి అగ్గిపెట్టారు. ఒట్టి ఆకులైతే కళ్ళు మండేవి, అంతే అనుకునేదాన్ని. ముక్కు పుటాలకి అంటుకునే కమురు వాసన వచ్చేసరికి దిగి వెళ్ళి చూశాను. కుప్ప మధ్యలో పాల కవర్లు, చిప్స్ ప్యాకెట్లు, తెగిపోయిన ప్లాస్టిక్ చెప్పు ఒకటి. కవర్లు ముడుచుకుపోయి, నల్లగా కరిగి బొట్లుబొట్లుగా కారుతూ, ఒక్కో బొట్టు కింద ఆకుల మీద పడి చిన్న మంటై లేస్తోంది. పొద్దు వాలితే గాలి కదలదు, పొగ పైకి పోకుండా సందులోనే పడుకుంటుంది. నేను వెనక్కి చూసేసరికి మా ఇంటి మేడ మెట్లు కనబడలేదు.

పైన అత్తయ్య ఇన్హేలర్ రెండుసార్లు పీల్చినా కుదుటపడలేదు. వీపు రాస్తూ పావుగంట కూర్చున్నాను, ఆ పావుగంట నాకు చేతులు వణికాయి.

మళ్ళీ వెళ్ళాను. "దోమలు పోతాయని పెట్టామక్కా, ఆకులే కదా" అన్నాడు ఆ అబ్బాయి. ఆకులు కాదు నాన్నా, ప్లాస్టిక్, ఈ పొగ మీ బాబు కూడా పీలుస్తున్నాడు చూడు అన్నాను, వాడు గుమ్మంలోనే బొమ్మతో ఆడుకుంటున్నాడు. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెత్త ఇలా బయట కాల్చకూడదని పెట్టారు, అదే ఏడాది డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ రూ.5,000 జరిమానా అంది, అదీ చెప్పాను. జరిమానా మాటకి మొహం ముడుచుకున్నాడు. అత్తయ్య సంగతి చెప్పాక మాత్రం లోపలికెళ్ళి బకెట్ నీళ్ళు తెచ్చి పోశాడు. తెల్లటి పొగ గుప్పున లేచి ఇంకో పది నిమిషాలు చంపింది.

ఆకులు గోనెసంచీలో వేసి ఇస్తే మా జామచెట్టు మొదట్లో వేసుకుంటానని, కవర్లు విడిగా పెట్టి చెత్త బండికి ఇవ్వమని చెప్పి వచ్చాను. సరే అన్నాడు. నిలబెట్టుకుంటాడో లేదో, రేపు సాయంత్రం ఐదింటికి నేనే ఖాళీ సంచీ పట్టుకుని వెళ్తాను.

ఇప్పుడే మౌసీ సందులోంచి అడిగింది, "అత్త ఎలా ఉంది బొహూ?" పడుకుంది అన్నాను. రేపు ఏకాదశి, శుఖువా లేదు, కిటికీ తీసే ఉంచుకోమంది.