గోడ దాటి వచ్చిన కొమ్మను ఎక్కడ కొయ్యాలి

పక్కింటి చెట్టు మన డాబా మీదికి వాలితే చాలామంది చేసే పని ఒకటే. ప్రహరీ గోడెక్కి, గోడ ఎక్కడుందో సరిగ్గా అక్కడికి కొమ్మలన్నీ నిలువునా నరికేస్తారు. మన హద్దులో ఉన్నదే కొట్టాం, ఇక పేచీ లేదనుకుంటారు. చిక్కేమిటంటే, కొమ్మను కొయ్యాల్సిన చోటు దాదాపు ఎప్పుడూ గోడకు అవతలే ఉంటుంది. చెట్టువాళ్ళు ఒప్పుకోకుండా ఈ పని సరిగ్గా జరగదు.

కొమ్మను మధ్యలో తెగ్గొడితే మొండి మిగులుతుంది. దాని మీద ఆకు లేకపోతే ఎండిపోతుంది, బూజు పట్టి ఆ కుళ్ళు మెల్లగా మానులోకి దిగుతుంది. మొండిలో ప్రాణం ఉంటే ఇంకో రకం తలనొప్పి. చివరన గుంపుగా పిలకలు లేస్తాయి. మామూలు కొమ్మ పుట్టినప్పటి నుంచి మానుతో కలిసి పెరుగుతుంది కాబట్టి దాని పట్టు లోపలి దాకా ఉంటుంది. ఈ పిలకలకు పైపొరలో తప్ప పట్టుండదు. ఏడాది రెండేళ్ళలో పాత కొమ్మకంటే దట్టంగా అల్లుకుని మళ్ళీ మన వైపే వస్తాయి, గట్టి గాలి వీస్తే మొదలంటా ఊడిపడతాయి. ఏటా కొట్టించినా తీరని బెడద చాలా ఇళ్ళలో ఇలాగే మొదలవుతుంది.

మరి ఎక్కడ కొయ్యాలి? కొమ్మ మానును కలిసే చోట దగ్గరికెళ్ళి చూడండి. పైభాగంలో, పంగలో, బెరడు ముడతపడి గరుకైన గీతలా లేచి ఉంటుంది. అడుగున చొక్కా కాలర్ లాగా చిన్న ఉబ్బు ఉంటుంది. గాయాన్ని మూసే కొత్త కణజాలం పుట్టేది ఆ ఉబ్బు నుంచే. రంపం పైగీతకు బయట మొదలై ఉబ్బుకు బయట తేలాలి. ఉబ్బును కూడా కోసేసి మానుకు నున్నగా చెక్కడం, మొండి వదిలినంత తప్పే. అమెరికా అటవీ శాఖ శాస్త్రవేత్త అలెక్స్ షైగో వేల చెట్లను నిలువునా చీల్చి చూసి చెప్పింది ఇదే: చెట్టుకు గాయం మానదు, కుళ్ళు ముందుకు పాకకుండా చుట్టూ అడ్డుగోడలు కట్టుకుంటుంది. ఉబ్బును తీసేస్తే ఆ అడ్డు బలహీనపడుతుంది. కోత మీద తారు, పెయింటు పూయాల్సిన పని లేదు. తడిని లోపలే పట్టి ఉంచి కుళ్ళుకు సాయం చేస్తాయి.

మాను దాకా కొమ్మంతా తీయక్కర్లేకపోతే, దాని మీదున్న ఒక పక్కకొమ్మ దాకా వెనక్కి కొయ్యండి. ఆ పక్కకొమ్మ లావు, కోసే కొమ్మలో కనీసం మూడో వంతు ఉండాలి. అంతకంటే సన్నదైతే మిగిలిన భాగాన్ని పోషించలేదు, మళ్ళీ పిలకలే. ఆ పక్కకొమ్మ వాళ్ళ వైపు తిరిగి ఉన్నదైతే తర్వాతి పెరుగుదల కూడా అటే పోతుంది. ఈ ఒక్క ఎంపిక రెండు మూడేళ్ళ పని తగ్గిస్తుంది.

మణికట్టు లావు మించిన కొమ్మను ఒకే కోతలో తీయొద్దు. సగం తెగగానే బరువుకు విరిగి, మాను మీది బెరడును బారెడు పొడవున చీల్చుకుపోతుంది. మూడు కోతలు వేయాలి. మానుకు అడుగు దూరంలో, కింది నుంచి పైకి, కొమ్మ మందంలో పావు వంతు మొదటిది. దానికి రెండు మూడు అంగుళాలు బయటగా, పైనుంచి రెండోది. కొమ్మ అక్కడ విరిగి పడినా చీలిక మొదటి కోత దగ్గర ఆగిపోతుంది. మిగిలిన తేలిక మొండిని చేత్తో పట్టుకుని ఉబ్బుకు బయట మూడో కోత. గొడ్డలితో, కత్తితో కొడితే కోత నున్నగా రాదు. వేలు లావు వరకు తోట కత్తెర, అంతకు మించితే లాగుడు రంపం, ఎత్తులో ఉన్నదానికి దోటికి బిగించే రంపం సరిపోతాయి.

ఎంత తీయొచ్చంటే, పచ్చగా ఉన్న ఆకుభాగంలో ఏడాదికి పావు వంతు మించకూడదు. ముసలి చెట్టయితే పదో వంతు దగ్గరే ఆపడం మేలు. మన వైపువి మొత్తం తీసేస్తే బరువంతా అటు పోయి చెట్టు వాళ్ళింటి మీదికే మొగ్గుతుంది. ఇది వాళ్ళకు ముందే చెప్పాల్సిన సంగతి. కొమ్మ లోపలి ఆకులన్నీ దూసేసి చివర కుచ్చు మిగల్చడం కూడా పనికిరాదు, బరువు కొసకు చేరి గాలికి విరుగుతుంది. ఇంటి కప్పుకు రెండు మూడు మీటర్ల ఎడం వస్తే చాలు. ఎలుకలు, ఉడతలు దూకడం కష్టమవుతుంది, నీటి గొట్టాలు ఆకులతో పూడటం కూడా బాగా తగ్గుతుంది.

కొమ్మ బరువును అందరూ తక్కువగా అంచనా వేస్తారు. 20 సెంటీమీటర్ల లావు, మీటరు పొడవున్న పచ్చి దుంగ సుమారు 30 కిలోలు తూగుతుంది. అది సన్‌షేడ్ మీద పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అలాంటిదాన్ని పై కొమ్మ మీదుగా తాడు వేసి కట్టి, కింద తాడును మానుకు రెండు చుట్లు తిప్పి పట్టుకుని, మెల్లగా దించాలి. చేత్తో ఊరికే పట్టుకుంటే తాడు మనిషినే లాక్కుపోతుంది. కోసే కొమ్మకే నిచ్చెన ఆనించకండి. కొస బరువు పోగానే మిగిలిన కొమ్మ పైకి లేస్తుంది, నిచ్చెన జారుతుంది. కరెంటు తీగకు మూడు మీటర్ల లోపు ఉన్న కొమ్మ జోలికి సొంతంగా వెళ్ళొద్దు. పచ్చి కొమ్మలోంచి కరెంటు పారుతుంది. విద్యుత్ శాఖవాళ్ళు లైను ఆపాకే అది జరగాలి.

ఇక మాట్లాడటం. కొమ్మ విరిగి పడ్డ రోజున, కోపంలో ఉన్నప్పుడు కాకుండా, కాపు దిగిపోయాక, గాలివానల కాలానికి ముందు మాట్లాడండి. కోతకు కూడా అదే అనువైన సమయం. కొత్త చిగురు వేస్తున్నప్పుడు కోస్తే చెట్టు నీరసిస్తుంది. పక్షి గూళ్ళున్నాయేమో చూసి, ఉంటే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగండి. తీయాలనుకున్న కొమ్మలకు రంగు గుడ్డ పీలికలు కట్టి ఫొటో తీస్తే సగం అనుమానాలు పోతాయి. మెసేజ్ ఇలా ఉంటే చాలు:

"అన్నగారూ, మీ చెట్టు కొమ్మలు మూడు మా డాబా మీదికి వచ్చాయి. ఫొటోలు పంపుతున్నాను, ఎర్ర పీలిక కట్టినవి అవే. గోడ దగ్గర నరికితే చెట్టు పాడవుతుంది, మీ వైపు నుంచి కొమ్మల మొదట్లో కోయిస్తే బాగుంటుంది. కూలీ ఖర్చు నేను పెట్టుకుంటాను. కలప మీరే ఉంచుకోండి, చెత్త నేను తీయిస్తాను. ఆదివారం పొద్దున మీకు వీలవుతుందా?"

ఖర్చు ఎవరిది, కలప ఎవరిది, చెత్త ఎవరు ఎత్తాలి. గొడవలు వచ్చేది ఈ మూడింటి దగ్గరే, అందుకే అవి రాతలో ఉండాలి.

చట్టం దేశానికో తీరుగా ఉంది. గోడ దాటిన కొమ్మను అవతలి స్థలంలో కాలు పెట్టకుండా, నోటీసు లేకుండానే కొట్టుకోవచ్చని ఇంగ్లండ్‌లో 1894లో లెమన్, వెబ్ కేసులో తేలింది. కొట్టిన కొమ్మ, దాని కాయలు మాత్రం చెట్టువాళ్ళవే. జర్మనీలో ముందు గడువు ఇవ్వాలి, రాలిన కాయ ఎవరి నేల మీద పడితే వాళ్ళది. ఫ్రాన్స్‌లో కొమ్మను మనం కొయ్యకూడదు, వాళ్ళ చేత కోయించవచ్చు. వేళ్ళను మాత్రం మనమే తెంచుకోవచ్చు. జపాన్‌లోనూ దాదాపు అలాగే ఉండేది. 2023 ఏప్రిల్ నుంచి, చెప్పినా గడువులోగా కొయ్యకపోతే మనమే కొట్టుకోవచ్చు. భారతదేశంలో, పడిపోయి జనానికి హాని చేసేలా ఉన్న చెట్టు గురించి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేర విచారణ పద్ధతుల చట్టం) 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు. ఎక్కడైనా సరే, చెట్టుకు స్థానిక రక్షణ ఉందేమో, అనుమతి కావాలేమో ముందు కనుక్కోండి.

కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం కాలం చూసుకుంటూ కూర్చోకూడదు. మాను మొదట్లో పుట్టగొడుగులు, రెండు పెద్ద కొమ్మల పంగలో బెరడు లోపలికి మడతపడి చీలిక, గాలి తర్వాత వేళ్ళ దగ్గర మట్టి పైకి లేవడం, ఇదివరకు లేని వాలు. వీటిని తేదీ వేసి, ఫొటోలతో రాతపూర్వకంగా తెలియజేయండి. ప్రమాదం తెలిసీ ఊరుకున్నారా, తెలియక ఊరుకున్నారా అన్నది నష్టపరిహారం దగ్గర చాలా ముఖ్యం.

గోడ కిందికి వచ్చిన వేళ్ళ విషయంలో తొందర అస్సలు వద్దు. మాను అడ్డకొలతకు మూడు రెట్ల దూరం లోపల లావు వేరు తెంచితే చెట్టు నిలబడే బలమే పోవచ్చు. మాను 40 సెంటీమీటర్లుంటే 120 సెంటీమీటర్ల లోపల ముట్టుకోవద్దన్నమాట. ఎక్కువ వేళ్ళు పైనున్న రెండడుగుల మట్టిలోనే పాకుతాయి కాబట్టి, ఆ దూరం దాటాక రెండు మూడు అడుగుల లోతున అడ్డుపలక దింపితే చాలావరకు ఆగుతాయి.

కోత అయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి పైకి చూడండి. కోత చుట్టూ లేత పిలకలు లేచి ఉంటే ఆ దశలో వేలితో తుంచితే వచ్చేస్తాయి. పెన్సిల్ లావు అయ్యేదాకా వదిలితే మళ్ళీ కత్తెర, నిచ్చెన కావాలి.