మూడో గొంతు

మన సంగీతం మాస్టారు పోయాక వాళ్ళ అమ్మాయి ఆయన పాటల పుస్తకం నా చేతికిచ్చింది. రూళ్ళ నోటుబుక్కు, నీలి సిరా, ఆ గుండ్రటి అక్షరాలు. ప్రతి పాటకీ పైన రాగం, తాళం, కింద స్వరాలు, వాటి కింద సాహిత్యం. నేను గబగబా పేజీలు తిప్పింది ఏటి పాట కోసం. మన తెలుగు మాస్టారు రాస్తే ఈయన వరస కట్టిన పాట. దొరికింది. మోహన రాగం, ఆది తాళం. కానీ స్వరాలు ఒక్క వరసే ఉన్నాయి. అది మొదటి గొంతుది. బడిలో మనం పాడింది మూడు గొంతులతో, అంటే మూడు జట్లుగా ఒకేసారి మూడు వేరే వరసలు. తక్కిన రెండూ ఆయన ఎక్కడా రాసుకోలేదు. మన నోట్లో పెట్టి వదిలేశారు.

ఆయన రాకముందు మన బడిలో కోరస్ అంటే అందరూ కలిసి ఒకే వరసని గట్టిగా పాడటం. ఎంత గట్టిగా పాడితే అంత బాగా పాడినట్టు. మొదట్లో ఆయనా అలాగే చెప్పేవారట, మనకన్నా ముందు బ్యాచ్ అన్నయ్యలు అనేవాళ్ళు. తర్వాత ఒక వేసవిలో సమూహగానం శిక్షణకి వెళ్ళొచ్చారు. జూన్‌లో బడి తెరిచేసరికి వేరే మనిషి. హార్మోనియం పక్కన పెట్టి, చేతులు ఖాళీగా మా ముందు నిలబడ్డారు. సంగీతం మాస్టారు వాయించకుండా, పాడకుండా నిలబడటం మాకు వింతగా ఉండేది.

అప్పటినుంచీ ఆయన నోట ఎం.బి. శ్రీనివాసన్ పేరు రాని వారం లేదు. చిత్తూరులో 1925లో పుట్టి, మద్రాసులో స్థిరపడి, మలయాళ సినిమాలకు సంగీతం చేసిన మనిషి. 1961 నవంబర్ 14న మద్రాసు భరణీ స్టూడియోలో ఏసుదాసు చేత తొలి పాట పాడించింది ఆయనే. మాస్టారికి అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి. "అంతటి గొంతుని లోకానికి చూపించిన మనిషిరా, అయినా మామూలు గొంతుల దగ్గరే కూర్చున్నాడు" అనేవారు. శ్రీనివాసన్ పెట్టిన మద్రాస్ యూత్ క్వయర్ అనే గాన బృందం గురించి చెప్పేవారు. దానికి ముందు 1958లో సంగీత దర్శకుడు సలిల్ చౌధురి బొంబాయిలో పెట్టిన యూత్ క్వయర్ గురించీ చెప్పేవారు. 1988 మార్చి 9న శ్రీనివాసన్ లక్షద్వీప్‌లో పోయారు. ఆ వారం మాస్టారు మా చేత పాడించలేదు. శ్రుతిపెట్టె తెరిచి, "షడ్జం పట్టుకోండి, చాలు" అన్నారు. పీరియడంతా ఆ ఒక్క 'స' మీదే ఉన్నాం.

ఆయన సాధన ఎలా ఉండేదో పాడని వాళ్ళకి చెప్పాలి. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కాబట్టి పాటకి హాయి అంటాం. ఒక్కరు పాడితే అది నిజమే. నలభై మంది పాడితే ఆ చివరి అచ్చు దగ్గరే అంతా చెదిరిపోతుంది. 'ఏరు' అనే మాటలో 'రు' ఒకడు తుంచేస్తాడు, ఒకడు 'రూ' అని సాగదీస్తాడు, ఇంకొకడు సగంలో ఊపిరి వదిలేస్తాడు. ఆ ఒక్క 'రు' మీద మాకు వారం పట్టింది. ఆయన చెయ్యి గాల్లో చిన్న సున్నా చుట్టి గుప్పెట మూసేది. గుప్పెట మూసుకునే క్షణానికి నలభై నోళ్ళూ మూసుకోవాలి. మొదటిసారి అలా కుదిరిన రోజు, పాట ఆగాక గదిలో వచ్చిన నిశ్శబ్దం నాకిప్పటికీ చెవుల్లో ఉంది. ఆయన ఏమీ అనలేదు. మూసిన గుప్పెట కాసేపు అలాగే ఉంచారు.

"పక్కవాడి గొంతు నీకు వినపడలేదంటే నువ్వు తగ్గాలి" అనేది ఆయన రెండో నియమం. గట్టిగా పాడటమే గొప్పనుకున్న మాకు ఇది తలకెక్కడానికి చాలాకాలం పట్టింది.

మోహనమే ఎందుకు ఎంచుకున్నారో పెద్దయ్యాక అర్థమైంది. అందులో మధ్యమం, నిషాదం, అంటే 'మ', 'ని' ఉండవు. ఉన్న అయిదు స్వరాల్లో ఒకదాన్నొకటి ఒరుసుకునేంత దగ్గరివి లేవు. అందుకే ఒక జట్టు పల్లవి ఎత్తుకున్న తాళం లెక్కలో నాలుగక్షరాలకి రెండో జట్టు అదే పల్లవి ఎత్తుకున్నా ఎక్కడా కరుకు తగలదు. తోడి లాంటి రాగాన్ని ఆయన బృందంలో ముట్టుకోలేదు. దాని ప్రాణం గమకంలో, అంటే స్వరాన్ని ఊపుతూ పాడటంలో ఉంది, కింద ఇంకో వరస పెడితే ఆ గమకం నలిగిపోతుంది అనేవారు. మన రాగాన్ని చెడగొట్టకుండా గొంతులు కలపడం ఎలా అన్నదే ఆయన జీవితమంతా తేల్చుకోవాలనుకున్న ప్రశ్న అని నేననుకుంటాను. పుస్తకంలో కొట్టివేతలు చూస్తే తెలుస్తుంది, ఒక్కో చోట ఒక్క స్వరం అయిదారుసార్లు మార్చారు.

తొమ్మిదో తరగతిలో నా గొంతు మారింది. అంతకుముందు నేను మొదటి గొంతులో ముందు వరసవాణ్ణి. ఒకరోజు పై షడ్జం దగ్గర గొంతు చీలిపోయింది, రెండు మూడు తలలు వెనక్కి తిరిగాయి. మర్నాడు సాధనకి వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. మూడోరోజు మాస్టారే తరగతి గుమ్మంలోకి వచ్చి, "ఒరేయ్, నీ కోసమే వరస కట్టాను, రా" అన్నారు. నాలాంటివాళ్ళు ఆరుగురం ఉన్నాం. మమ్మల్ని వెనక వరసలో నిలబెట్టి మంద్ర పంచమం, అంటే కింది స్థాయి 'ప' ఇచ్చారు. ఏటి పాట చరణంలో మూడో గొంతు అలా పుట్టింది. దానికి మూడే స్వరాలు. పైన రెండు గొంతులు అల్లుకుంటూ తిరుగుతుంటే, కింద మేం ఆరుగురం ఆ మూడు స్వరాలనే పట్టుకుని ఉండేవాళ్ళం. మొదట్లో చిన్నతనంగా అనిపించింది. ఒకసారి ఆయన మమ్మల్ని ఆపి, పైవాళ్ళని మాత్రమే పాడమన్నారు. తాళం రెండు చుట్లు తిరిగేసరికే శ్రుతి కిందికి జారింది. "విన్నారా?" అన్నారు, అంతే. మళ్ళీ మేం చిన్నతనం అనుకోలేదు.

వార్షికోత్సవంలో పాడాం, మీకందరికీ గుర్తుండే ఉంటుంది.

ఇప్పుడు ఆ పాట మొత్తంగా ఎవరి దగ్గరా లేదు. మొదటి గొంతు పుస్తకంలో ఉంది, మూడోది నాకు వచ్చు. రెండో గొంతు పాడిన వాళ్ళు కిటికీ వైపు నిలబడేవాళ్ళు, పన్నెండు మంది. మీలో ఎవరికి చరణం గుర్తున్నా, మాటలు మరిచిపోయినా సరే, రాగం తీసి ఫోనులో పంపండి. ముక్కలుగా గుర్తున్నా ఫరవాలేదు, అతుకుతాను. మనమంతా మళ్ళీ కలిసే రోజుకి ముందే మూడూ ఒక కాగితం మీదికి రావాలని నా ఆశ.

నా వరస ఇది: మంద్ర పంచమం ఎనిమిది అక్షరాలు, మంద్ర ధైవతం నాలుగు, షడ్జం నాలుగు. చరణం పొడుగునా ఇదే. మూడో గొంతు వాళ్ళకి ఒక్క మాట. ధైవతం నుంచి షడ్జానికి వెళ్ళేటప్పుడు ఊపిరి తీసుకోకండి. అక్కడ పైవాళ్ళు తీసుకుంటారు.