తలంబ్రాల నిమిషమే పరీక్ష: పెళ్లి డీవీడీలను ఫైళ్లుగా మార్చిన నా అనుభవం

హన్మకొండలో మా ఇంట్లోనే కాదు, పరకాలలో చిన్నమ్మ వాళ్లింట్లో, జమ్మికుంటలో అక్క వాళ్లింట్లో కూడా బీరువా పై అరలో పెళ్లి డీవీడీలు ఉన్నాయి. ప్లేయర్లు మాత్రం ఎవరింట్లోనూ పనిచేయడం లేదు. కొత్త ల్యాప్‌టాప్‌లకైతే డిస్కు పెట్టే చోటే లేదు. పైగా స్టూడియో వాళ్లు రాసిచ్చే డీవీడీల్లో సమాచారం ఒక పల్చని రంగు పొరలో ఉంటుంది. ఎండకీ తేమకీ ఆ పొర పాడవుతుంది. మా నాయనమ్మ నడుస్తూ, మాట్లాడుతూ కనిపించేది ఆ డిస్కుల్లోనే. అందుకే అన్నింటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించే పని ఈ ఎండాకాలం నెత్తికెత్తుకున్నాను.

మొదటి పని సులువే. యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ ఒకటి కొని, ప్రతి డిస్కునూ ఉన్నదున్నట్టు ఐఎస్ఓ ఫైలుగా, అంటే మొత్తం డిస్కుకు నకలుగా, దించుకున్నాను. మెత్తని బట్టతో డిస్కును మధ్య నుంచి అంచు వైపు నిలువుగా తుడవాలి, గుండ్రంగా తుడవొద్దు. ఒక డ్రైవ్‌లో ఆగిపోయిన డిస్కు ఇంకో డ్రైవ్‌లో చదవొచ్చు, వదిలేయకండి.

అసలు ఆలోచించాల్సింది తర్వాత వచ్చింది. ఏ ఫార్మాట్‌లోకి మార్చాలి? ఎంపీ4 అనీ, ఎంకేవీ అనీ మనం అనేది పైన కనిపించే బస్తా పేరు మాత్రమే. ఎనుమాముల మార్కెట్లో బస్తా చూసి లోపల ఏ రకం మిర్చి ఉందో చెప్పలేం కదా, ఇదీ అంతే. లోపల వీడియోను ఏ పద్ధతిలో కుదించారన్నదే ముఖ్యం. డీవీడీలో ఉండేది ఎంపెగ్-2. దాని తర్వాత 2003లో హెచ్.264, 2013లో హెచ్.265, 2018లో ఏవీ1 వచ్చాయి. కొత్తది వచ్చినకొద్దీ అదే నాణ్యతకు ఫైలు చిన్నదవుతుంది, కానీ దాన్ని ఆడించగల పరికరాలు తక్కువ.

ఏది పెట్టుకోవాలో చదివి తేల్చుకోవడం కన్నా మా వాళ్ల టీవీలనే అడగడం మేలనిపించింది. ఒకే నిమిషం వీడియోను మూడు పద్ధతుల్లోనూ తయారుచేసి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని చుట్టాలిళ్లకు వెళ్లాను. ఏవీ1 ఒక్క ఇంట్లోనూ ఆడలేదు. హెచ్.265 కొత్త టీవీల్లో వచ్చింది, పాతవాటిలో రాలేదు. విండోస్ కంప్యూటర్లు కొన్ని దానికి వేరే ఎక్స్‌టెన్షన్ కొనమన్నాయి. హెచ్.264 మాత్రం అన్ని చోట్లా ఆడింది. పరకాలలో చిన్నమ్మ, "గీ టీవీల బొమ్మొక్కటే కనవడ్తంది బిడ్డా, సప్పుడు వస్తలేదు" అన్నది. చూస్తే అది డీవీడీలోని ఆడియోను, అంటే ఏసీ3 అనే పద్ధతిలో కుదించినదాన్ని, అలాగే ఉంచిన ఫైలు. దాన్ని ఏఏసీ అనే ఇంకో పద్ధతిలోకి మార్చి పెడితే సప్పుడు వచ్చింది. అక్కడితో తేలిపోయింది: ఎంపీ4 ఫైలు, లోపల హెచ్.264 వీడియో, ఏఏసీ ఆడియో. సగం సైజు మిగిలినా చిన్నమ్మ చూడలేని ఫైలు నాకెందుకు?

వీడియోను మార్చడానికి నేను హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాను. ఉచితం, ఓపెన్ సోర్స్, వాటర్‌మార్క్ వేయదు. ఆన్‌లైన్‌లో మార్చిపెట్టే సైట్ల జోలికి పోలేదు. నాలుగేసి జీబీలు అప్‌లోడ్ చేయడం ఒక ఎత్తు, ఇంటి ఆడవాళ్ల వీడియోలు ముక్కూమొహం తెలియని సర్వర్లలో పెట్టడం ఇంకో ఎత్తు. ఇదే పని చేసే ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఇంకా శక్తిమంతమైనదే, కానీ అన్నీ కమాండ్లు టైపు చేయాలి. రేపు మా తమ్ముడు కూడా ఈ పని చేయగలగాలి కాబట్టి బటన్లున్న దాన్నే ఎంచుకున్నాను.

ఇక సెట్టింగులు. పెళ్లి వీడియోలో అన్నింటికన్నా కష్టమైన నిమిషం తలంబ్రాలది. పసుపు కలిపిన వందల గింజలు ఒక్కసారిగా రాలుతుంటాయి, ఒక్కోటి ఒక్కో దిక్కుకు. ముందు ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ పోలికే ఉండదు. ఆ పోలిక మీదే ఆధారపడి కుదించే సాఫ్ట్‌వేర్‌కు అక్కడే ఊపిరాడదు. అందుకని ఆ నిమిషాన్నే కోసి ప్రతి సెట్టింగునూ దాని మీదే చూశాను. సెకనుకు ఇన్ని కిలోబిట్లని బిగించి పెడితే గింజలు పసుపు ముద్దలైపోయాయి. నాణ్యతను స్థిరంగా ఉంచే పద్ధతిలో, అంటే హ్యాండ్‌బ్రేక్‌లోని కాన్‌స్టంట్ క్వాలిటీలో, జనం కూర్చున్న సీన్లకు తక్కువ, తలంబ్రాలకు ఎక్కువ తనే సర్దుకుంటుంది. అక్కడ నాణ్యతకు ఒక అంకె ఇవ్వాలి, అది తగ్గినకొద్దీ నాణ్యత పెరుగుతుంది. 22 దగ్గర గింజలు అలికినట్టున్నాయి. 20 ఫరవాలేదు. 18 దగ్గర అక్క కొప్పులో చిక్కుకున్న గింజ కూడా విడిగా కనిపించింది. 18కే ఖాయం చేసుకున్నాను.

ఇంటెల్ గ్రాఫిక్స్‌తో చేసే క్విక్ సింక్ చాలా వేగం. కానీ నా కంప్యూటర్‌లో అదే సైజుకు తలంబ్రాల దగ్గర గడులు గడులుగా వచ్చింది. అందుకే హెచ్.264ను ప్రాసెసర్‌తోనే తయారుచేసే ఎక్స్264 పెట్టి, వేగం (ప్రీసెట్) దగ్గర స్లో ఎంచుకున్నాను. ఒక్కసారి చేసి ఏళ్ల తరబడి చూసుకునేదానికి ఒక రాత్రి ఆగలేమా?

అందరూ వదిలేసేది ఇంకోటుంది. మన డీవీడీల్లో సెకనుకు 25 పూర్తి బొమ్మలు కాదు, 50 సగం బొమ్మలుంటాయి. ఒకదాంట్లో బేసి గీతలు, ఇంకోదాంట్లో సరి గీతలు. పాత డబ్బా టీవీకి అది సహజం. కంప్యూటర్ తెర మీద మాత్రం బరాత్‌లో డప్పు కొట్టేవాళ్ల చేతులు దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తాయి. హ్యాండ్‌బ్రేక్ ఫిల్టర్లలో ఈ సగం బొమ్మలను పూర్తి బొమ్మలు చేసే డీఇంటర్లేస్ దగ్గర యాడిఫ్, దాని కింద ప్రతి సగం బొమ్మనూ ఒక పూర్తి బొమ్మ చేసే బాబ్ పెట్టి, ఫ్రేమ్ రేటు 50 చేశాను. చీలికలు పోవడమే కాదు, డప్పు మీద పడే సిర్ర కదలిక పాత టీవీలో చూసినంత నున్నగా వచ్చింది. మామూలుగా 25కే మారిస్తే ఆ కదలికలో సగం పోతుంది. ఇది నాకు ప్రాణం లేచొచ్చిన సంగతి.

బొమ్మను సాగదీయొద్దు. పాత టీవీ ఆకారంలో, అంటే 4:3లో, తీసిన 720 బై 576 వీడియోను 4:3 లోనే ఉంచాలి, పక్కన నల్ల పట్టీలు వస్తే రానివ్వండి. తెర నిండా లాగితే పెళ్లికూతురు లావైపోతుంది. "హెచ్‌డీ చేసి ఇస్తాం" అనేవాళ్ల మాటలూ నమ్మకండి. డిస్కులో లేని వివరం సైజు పెంచినంత మాత్రాన రాదు.

పగలు ఎండకు ప్రాసెసర్ కాగిపోతుందని రాత్రుళ్లు క్యూలో పెట్టి పడుకునేవాణ్ణి. కరెంటు పోతే సగంలో ఆగిన ఎంపీ4 ఆడదు, ఎందుకంటే లోపల ఏది ఎక్కడుందో చెప్పే దాని సూచికను సాఫ్ట్‌వేర్ చివర్లో రాస్తుంది. యూపీఎస్ లేనివాళ్లు ముందు ఎంకేవీలో చేసుకుని, తర్వాత ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో మళ్లీ కుదించకుండానే ఎంపీ4లోకి మార్చుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసి ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదని కూడా గుర్తుంచుకోండి. మావి రెండు జీబీల చుట్టుపక్కలే వచ్చాయి కాబట్టి ఆ టెన్షన్ లేదు.

ఐఎస్ఓలు మాత్రం తుడిచేయలేదు. కుదించిన ప్రతిసారీ కొంత పోతుంది, పోయింది తిరిగి రాదు. రేపు అందరి టీవీలూ ఏవీ1 ఆడిస్తే అసలు దాంట్లోంచే మళ్లీ చేసుకోవచ్చు. ఒక టీబీ డిస్కులో 4.7 జీబీ డీవీడీలు రెండొందలకు పైగా పడతాయి. ఒక కాపీ నా దగ్గర, ఒకటి జమ్మికుంటలో అక్క దగ్గర ఉంది.

ఇంక మా బాపు (నాన్న) తీసిన మినీ డీవీ టేపులు మిగిలాయి. వాటిని ఫైర్‌వైర్ అనే పాత రకం కేబుల్ ద్వారా కంప్యూటర్‌లోకి దించితే గంటకు 13 జీబీ దాకా వస్తుంది. దాన్నీ ముందు అలాగే దాచి, చూడ్డానికి వేరే ఎంపీ4 చేస్తాను. కంప్యూటర్‌కు పెట్టే ఫైర్‌వైర్ కార్డు దొరికింది, టేపు తిరిగే క్యామ్‌కార్డర్ కోసం తెలిసినవాళ్లందరినీ అడుగుతున్నాను.